మిఠాయి డబ్బాలో మందులు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకి 41 ఏళ్లు. మియాపూర్‌లో కాపురం, హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇంటర్ చదివే కొడుకు. అమ్మానాన్నలు రామంతాపూర్‌లో సొంతింట్లో ఉంటారు. నాన్నకి 72. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదకొండేళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే బీపీ, మూడేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మొదట్నుంచీ కాలనీలో ఉన్న డాక్టరే చూస్తున్నారు. జనవరిలో డాలస్ నుంచి వచ్చిన తమ్ముడు, "ఇంకా ఆ చిన్న క్లినిక్కేనా" అని నాన్నని ఒక పెద్ద ఆసుపత్రిలో షుగర్ స్పెషలిస్టుకి చూపించి వెళ్లాడు. అక్కడ కొత్త మాత్ర రాశారు. పాతది మానమని ఎవరూ చెప్పలేదు, మానాలా అని ఈయనా అడగలేదు. రెండూ వేసుకుంటూ వచ్చారు. మోకాళ్లకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర ఎనిమిది నెలలుగా రోజూ నడుస్తోంది. మే నెలలో మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయిస్తే 6.4 వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. తమ్ముడు వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మలు పంపాడు.

తొలి ఏకాదశికి నాన్న ఎప్పట్లాగే ఉపవాసం ఉన్నారు. మాత్రలు మాత్రం మానలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, ఎదురుగా ఉన్న భార్యనే నువ్వెవరని అడగడం. అమ్మ కంగారుపడి నిమ్మకాయ నీళ్లు కలిపి తాగించారు, షుగర్ మనిషి కదా అని పంచదార వెయ్యకుండా. పక్కింటి అబ్బాయి 108కి ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి వేలు గుచ్చి చూస్తే 48. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపారు. డిశ్చార్జి కాగితంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.6, పొటాషియం 5.2 అని ఉంది. వారంలో మీ డాక్టర్‌కి చూపించండి అని కూడా ఉంది. ఏ డాక్టర్‌కి అన్న గొడవలోనే మూడు వారాలు గడిచిపోయాయి.

ఈలోగా ఒక ఆదివారం ఈమె, నాన్న మందులు దాచుకునే పుల్లారెడ్డి మిఠాయి డబ్బా మంచం మీద బోర్లించి చూశారు. పదకొండు రకాల స్ట్రిప్పులు. రెండిటి మీద పేర్లు వేరు, కింద సన్నక్షరాల్లో మందులు దాదాపు ఒకటే. ఎవరికీ చెప్పకుండా అందులో పాతది తీసి బ్యాగులో వేసుకున్నారు. లెక్కల మాస్టారు కదా, సాయంత్రానికి మాత్రలు లెక్కపెట్టారు. "నేనేమన్న చిన్నపిల్లగాణ్ణా? నా గోలీలు నాకు తెల్వదా?" అన్నారు. అప్పట్నుంచి కూతురితో మాటల్లేవు. ఉప్పు తగ్గించాలని ఈమె ఆన్‌లైన్‌లో 'తక్కువ సోడియం ఉప్పు' తెప్పించి అమ్మకిచ్చారు. భర్త, ఇద్దర్నీ మనింటికే తెచ్చేసుకుందాం అంటున్నారు. తమ్ముడు 90 రకాల టెస్టుల ప్యాకేజీ బుక్ చేస్తానంటున్నాడు. అమ్మ రాత్రిళ్లు పడుకోవట్లేదు, ఆయన ఊపిరి వింటూ కూర్చుంటున్నారు.

"మందులన్నీ నా చేతిలోకి తీసుకోనా? నాన్నని మియాపూర్ తెచ్చుకోనా? ఏ డాక్టర్ని పట్టుకోవాలి? చెప్పకుండా స్ట్రిప్ తియ్యడం తప్పా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

నేను డాక్టర్ని కాదమ్మా. ఇరవై రెండేళ్లు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడిన ఫార్మసిస్టుని. అందుకని మీ ఉత్తరాన్ని స్ట్రిప్పుల వైపు నుంచి చదివాను. ఏ మాత్ర ఉంచాలి, ఎంత మోతాదు అన్నది తేల్చాల్సింది డాక్టరే. కానీ ఆ డాక్టర్ ముందు మీరు ఏం పెట్టాలో నేను చెప్పగలను.

మీ నాన్నగారి మందుల గురించి ఇప్పటికి ఎంతమంది ఆలోచించారో చూడండి. కాలనీ డాక్టర్, పెద్ద ఆసుపత్రి స్పెషలిస్టు, మందుల షాపులో కుర్రాడు, డాలస్‌లో మీ తమ్ముడు, ఆన్‌లైన్‌లో మీరు. ఇందులో ఎవరూ చెడు చెయ్యాలనుకోలేదు. కానీ పదకొండు స్ట్రిప్పుల్నీ ఒకచోట పెట్టుకుని చూసిన మొదటి మనిషి మీరే, అదీ ఆయనకి 48 వచ్చాక. నాకు కనపడుతున్న అసలు జబ్బు ఇదే.

మీరడిగిన నాలుగు ప్రశ్నలకీ ఒకటికి రెండు దారులున్నాయి, వాటికి తర్వాత వస్తాను. ముందు మూడు పనులున్నాయి. వీటికి దారుల్లేవు, రేపటికి వాయిదా వెయ్యడమూ లేదు.

మొదటిది ఆ ఉప్పు. అమ్మకి ఫోన్ చేసి పక్కన పెట్టించండి. మంచి ఉద్దేశంతోనే కొన్నారు, సరే. సోడియం తగ్గించిన ఉప్పుల్లో ఆ లోటు పూడ్చడానికి ఎక్కువగా కలిపేది పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు అదనపు పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. మీ నాన్నగారి కిడ్నీలు ఇప్పుడు ఆ స్థితిలో లేవు. పైగా ఆయన వేసుకునే బీపీ మాత్రలో టెల్మిసార్టాన్ ఉందని రాశారు, అది కూడా పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతుంది. డిశ్చార్జి కాగితంలోనే 5.2 ఉంది. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే వాడుతూ తగ్గించండి. మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, ఆవకాయ, అప్పడాలు, మజ్జిగలో వేసే చిటికెడు అన్నీ కలుపుకుని.

రెండోది మోకాళ్ల మాత్ర. మీరు రాసిన పేరుని బట్టి అది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపింది. దీన్ని ఏ డాక్టరూ రాయలేదు కాబట్టి ఆపడానికి ఎవరి చీటీ అక్కర్లేదు. ఈ పాపంలో మా కౌంటర్ వాళ్లకీ వాటా ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడని మందు ఇది. అయినా "మొన్న ఇచ్చినవే ఇవ్వు బాబూ" అని పెద్దాయన అడిగితే, ఇంకేం మందులు వాడుతున్నారని అడగకుండా స్ట్రిప్ కత్తిరించి ఇచ్చిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇది ఎందుకంత ప్రమాదమో మాస్టారికి చెరువు భాషలో చెప్పండి. కిడ్నీలో వడపోత జరగాలంటే లోపలికి నీరు ఒక ఒత్తిడితో రావాలి. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు లోపలికి వచ్చే తూముని సన్నం చేస్తాయి. టెల్మిసార్టాన్ బయటికి పోయే తూముని వెడల్పు చేస్తుంది. ఆయన బీపీ మాత్రలోనే ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసి అసలు చెరువులోనే నీరు తగ్గిస్తుంది. బీపీ మాత్రలోని రెండూ తమంతట తాము మంచి మందులే. నొప్పి మాత్ర వచ్చి వాటితో చేరినప్పుడే వడపోత పడిపోతుంది. 72 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.6 అంటే, వడపోత లెక్క, రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ అని రాసేది, సుమారు 45 దగ్గర ఉన్నట్టు. ఒక్క రిపోర్టుతో కిడ్నీ జబ్బు అని ముద్ర వెయ్యరు, కనీసం మూడు నెలలు అలాగే ఉందా అని చూస్తారు. నొప్పి మాత్ర ఆపాక కొంత కోలుకునే అవకాశం కూడా ఉంది. అందుకే ఇప్పట్నుంచే "డయాలసిస్" అన్న మాట ఇంట్లో అనుకోకండి. మీ ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు వచ్చింది.

మోకాళ్ల నొప్పి మాత్రం నిజం, దానికేదో ఒకటి చెయ్యకపోతే ఆయన మళ్లీ షాపుకే వెళతారు. ఉత్త పారాసిటమాల్ రోజుకి ఎన్ని వెయ్యొచ్చో డాక్టర్ని అడగండి. పైన రాసుకునే జెల్ నుంచి రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. కానీ కిడ్నీ రిపోర్టు ఇలా ఉన్నప్పుడు అది కూడా అడిగే వాడాలి. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టేదాకా ఆపడం, పూటకి పదిసార్లు. ఇది ఉచితం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కింద కూర్చునే పూజకి ఎత్తు పీట. "ఒక్క సూదితో నొప్పి మాయం" అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి. చాలాసార్లు అది స్టెరాయిడ్. కొన్ని రోజులపాటు షుగర్‌ని ఎక్కడికో తీసుకుపోతుంది.

మూడోది, మంచం పక్కన గ్లూకోజ్ పొడి. పంచదార అనలేదు, గ్లూకోజ్ అన్నాను. మీరు ఇంట్లో ఉంచిన కొత్త స్ట్రిప్‌లో షుగర్ మందులైన గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ కూడా ఉంది. మనం తినే పంచదార పేగులో విడిపోతేనే గ్లూకోజ్ అవుతుంది. వోగ్లిబోస్ చేసే పనే ఆ విడిపోవడాన్ని నెమ్మదించడం. కాబట్టి షుగర్ పడిపోయినప్పుడు వీరికి పంచదార నీళ్లు ఆలస్యంగా పనిచేస్తాయి. ఏ మందుల షాపులోనైనా దొరికే గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి మంచం పక్కన, ఒకటి ఆయన చొక్కా జేబులో ఉండాలి. అది అందకపోతే తేనె. చెమట, వణుకు, చిరాకు, తికమక కనిపించి మీటర్‌లో 70 లోపు ఉంటే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే ఇంకో మూడు. తేరుకున్నాక కాస్త అన్నమో, రెండు బిస్కెట్లో. మీటర్ వాడటం రాకపోతే చూసే ప్రయత్నమే వద్దు, ముందు తాగించమనండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఒక పక్కకి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది, కిడ్నీలు నెమ్మదించినవాళ్లలో ఇంకా ఎక్కువ సేపు. తేరుకున్నారు కదా అని నిద్రపోతే మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు.

అమ్మగారికి ఇది మీరే నేర్పండి, నెమ్మదిగా. పదకొండేళ్లుగా తీపి అంటే విషం అని ఆవిడకి అందరం చెప్పాం. ఆ నిమ్మకాయ నీళ్లలో పంచదార వెయ్యకపోవడం ఆవిడ తప్పు కాదు, మనం నేర్పిన పాఠం అది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

స్ట్రిప్ తియ్యడం తప్పా? మీ ఊహ సరైందే అనిపిస్తోంది. ఒకే గ్లిమెపిరైడ్ రెండు పేర్లతో రోజూ పడుతోంది, దాని మీద ఉపవాసం. కానీ రెండిట్లో ఉంచాల్సింది ఏదో మీకు తెలియదు, నాకూ తెలియదు. మీరు పాతది తీసి కొత్తది ఉంచారు. డాక్టరయితే ఆ రెండూ తీసేసి, షుగర్‌ని అంతగా పడగొట్టని వేరే మందు రాయొచ్చు. వడపోత 45 దగ్గర ఉన్నప్పుడు మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా తిరిగి చూస్తారు. కాబట్టి రెండు మూడు రోజుల్లో చూపించండి, మీరు తీసిన సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. లేకపోతే ఇప్పుడొచ్చే షుగర్ రీడింగ్ రెండు మాత్రలతో వచ్చిందనుకుని ఆయన లెక్క వేస్తారు.

నాన్నగారి విషయంలో మాత్రం తప్పే. ఒప్పుకోండి. బ్యాగులో ఉన్న స్ట్రిప్ తిరిగి ఆయన చేతిలో పెట్టి, "అడక్కుండా తీశాను నాన్నా. భయమేసి తీశాను. డాక్టర్ దగ్గర మీరే చూపించండి, అప్పటిదాకా రెండూ కలిపి వేసుకోవద్దు" అనండి. వివరించడం మొదలుపెడితే ఆయన మాస్టారు, మీరు మళ్లీ విద్యార్థి. ఆ మూడు మాటలు చాలు.

మే నెలలో వచ్చిన ఆ 6.4 గురించి ఒక మాట. మీరందరూ పండగ చేసుకున్న అంకె అది. నాకు మాత్రం చదవగానే గుండె జారింది. 72 ఏళ్ల మనిషికి, రెండు గ్లిమెపిరైడ్‌ల మీద 6.4 అంటే, షుగర్ ఎక్కడో ఒకచోట బాగా కిందికి పోతోందని అనుమానించాల్సిన అంకె. ఆ పరీక్ష సగటు మాత్రమే చెబుతుంది. పగలు 200, తెల్లవారుజామున 50 ఉన్నా సగటు అందంగానే వస్తుంది. ఈ వయసులో, ఇలా పడిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి 7.5, 8 మధ్య ఉన్నా చాలునని చాలామంది డాక్టర్లు అంటారు. మీ తమ్ముడికి ఇది ప్రత్యేకంగా చెప్పండి. ఆయన వయసులో 6.5 లోపు మంచిదే కావచ్చు. నాన్నగారి వయసులో అదే అంకె ప్రమాదం కావచ్చు.

ఏ డాక్టర్ అన్నదానికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. మీ తమ్ముడు చూపించిన స్పెషలిస్టునే పెద్ద దిక్కు చేసుకోవచ్చు. అక్కడ పరీక్షలు, కిడ్నీ డాక్టర్, కంటి డాక్టర్ ఒకే కప్పు కింద ఉంటారు. కానీ రామంతాపూర్ నుంచి అక్కడికి వెళ్లి రావడానికి పూట పడుతుందని మీరే రాశారు. జ్వరానికి, విరేచనాలకి, కాలి మీద పుండుకి ఆయన అంత దూరం వెళ్లరు. మళ్లీ మందుల షాపుకే వెళతారు, కథ మొదటికొస్తుంది. రెండోది కాలనీ డాక్టర్నే పెద్ద దిక్కు చేసుకోవడం. పదకొండేళ్లుగా మనిషి తెలుసు, రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ ఎత్తుతారట. ఇక్కడ చిక్కు ఏమిటంటే, స్పెషలిస్టు రాసింది చూసి "అది మానండి, ఇది ఉంచండి" అని తేల్చి చెప్పడానికి ఆయన సిద్ధపడాలి. కొందరు మొహమాటపడతారు. నేరుగా అడగండి: "ఇకపై ఎవరు ఏ మందు రాసినా మీకు చూపించాకే మొదలుపెడతాం, మీరు చూస్తారా?" సరే అంటే నేనైతే ఆయన్నే ఎంచుకుంటాను. స్పెషలిస్టు దగ్గరికి ఏడాదికోసారో, కాలనీ డాక్టర్ పంపినప్పుడో వెళ్లొచ్చు. కిడ్నీ సంగతి మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే పంజాగుట్ట నిమ్స్‌లో నెఫ్రాలజీ విభాగం ఉంది. ఆయన ప్రభుత్వ పెన్షనర్ కాబట్టి ఖైరతాబాద్, వనస్థలిపురం వెల్‌నెస్ సెంటర్లు కూడా ఉన్నాయి. మధ్యలో ఉత్త రక్త పరీక్ష కోసమైతే దగ్గర్లోని బస్తీ దవాఖానా చాలు. అక్కడ తీసుకున్న రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కి వెళుతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా జాబితా రాసుకుని వెళ్లకండి. డబ్బా మొత్తం తీసుకెళ్లండి. జాబితాలో మనకి గుర్తున్నవే ఉంటాయి. డబ్బాలో ఎవరో అరుణాచలం నుంచి తెచ్చిచ్చిన చూర్ణం కూడా ఉంటుంది. అది కూడా టేబుల్ మీద పెట్టండి. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్లు దొరికిన సందర్భాలున్నాయి. లోపల కూర్చున్నాక రెండు సంగతులు తప్పకుండా అడగండి. తినలేని రోజున ఏ మాత్ర వెయ్యకూడదు? క్రియాటినిన్, పొటాషియం మళ్లీ ఎప్పుడు చూడాలి? మొదటిది చాలామంది అడగరు. వానాకాలంలో విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, మూత్రం మందు అలవాటుగా వేసేసుకుంటారు. ఒంట్లో నీరు లేని ఆ రెండు రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతింటాయి. అలాంటి రోజున డాక్టర్‌కి ఫోన్ చేసి ఏవి ఆపాలో కనుక్కోవాలి. ఏకాదశికీ ఇదే సూత్రం. ఉపవాసం మానమని ఆయనకి నేను చెప్పను, చెప్పినా వినరు. ఉపవాసం, గ్లిమెపిరైడ్ ఒకే రోజు కలవకూడదు, అంతే.

మందులు మీ చేతిలోకి తీసుకోవాలా? తీసుకోవచ్చు. ప్రతి ఆదివారం వెళ్లి, ఏడు రోజుల గడుల డబ్బాలో మీరే సర్ది రావచ్చు. వారమంతా లెక్క తప్పదు. కానీ ఆయనకి తనేం వేసుకుంటున్నారో తెలియకుండా పోతుంది, మీరు ఒక ఆదివారం రాలేకపోతే అంతా ఆగిపోతుంది. పైగా మోకాళ్ల మాత్ర ఎక్కడో పుస్తకాల వెనక దాక్కుంటుంది. అమ్మ చేతికి ఇవ్వొచ్చు, కానీ ఆవిడ ఇప్పటికే రాత్రి కాపలా ఉంటున్నారు. మూడో దారి, సర్దేది నాన్న, చూసేది మీరు. నాకిదే నచ్చుతుంది. సాయంత్రానికి మాత్ర తగ్గిందని పట్టుకున్న మనిషికి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఆ తెలివి మీకు అడ్డుపడిందని కోపం వచ్చింది గానీ, నిజానికి అది మీకున్న పెద్ద ఆసరా. ఎప్పుడైనా బుధవారం గడి నిండుగా ఉండి గురువారం గడి ఖాళీగా కనిపించడం మొదలైతే, అప్పుడు మొదటి దారికి మారండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత పేపర్ పరిచి డబ్బా దాని మీద పొయ్యండి. భూతద్దం ఆయన చేతికివ్వండి. బ్రాండ్ పేరు కాదు, దాని కింద సన్నక్షరాలు చదవమనండి, మీరు రాసుకోండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఆయన గొంతే ఆగుతుంది, మీరు చెప్పక్కర్లేదు. గడువు దాటినవి, దేనికో గుర్తులేనివి పక్కకి. మిగిలినవి ఒక్క కాగితం మీద: మందు పేరు, దేనికి, ఎప్పుడు, తినకముందా తిన్నాకా, ఏ డాక్టర్ రాశారు. ఒక నకలు ఆయన పర్సులో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద, ఒక ఫోటో మీ ఫోన్లో. తెల్లవారుజామున వచ్చే 108 వాళ్లకి ఆ ఫ్రిజ్ తలుపే డాక్టర్ చీటీ. ఇంకో చిన్న సంగతి, షాపులో స్ట్రిప్ కత్తిరించినప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క తరచు షాపులోనే ఉండిపోతుంది. రోజూ వాడే మందులు నిండు స్ట్రిప్పులే తీసుకోండి. ఖర్చు తగ్గాలంటే జన ఔషధి కేంద్రంలో కొనండి, నాకు అభ్యంతరం లేదు, అదే మందు. కాకపోతే స్ట్రిప్ రంగు మారుతుంది. రంగు మారిన రోజే పాతదీ కొత్తదీ రెండూ మింగే ప్రమాదం. కొత్తది వచ్చిన రోజు పాతది డబ్బాలోంచి తీసెయ్యాలి.

ఆయనకి ఒక రిజిస్టరు కొనిపెట్టండి. పొడుగాటిది, ఎర్ర అంచుది, స్కూల్లో హాజరు వేసేలాంటిది. తేదీ, సమయం, బీపీ, పరగడుపు షుగర్, గళ్లు ఆయన్నే గీసుకోనివ్వండి. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మధ్యలో మాట్లాడకూడదు, అరగంట ముందు చాయ్ తాగకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. పొద్దున వాకింగ్ నుంచి వస్తూ ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చి మెట్లెక్కి వచ్చి చూసుకుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. వేలు గుచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి, మామిడిపండు కోసిన వేలైతే మీటర్ అబద్ధం చెబుతుంది. ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసిన మనిషి ఈ పట్టీ వదలరు. డాక్టర్ దగ్గర ఆ రిజిస్టరు ఆయనే తెరిచి చూపిస్తారు, మీరు వెనక కుర్చీలో కూర్చోండి.

మియాపూర్ తెచ్చుకోవడం పెద్ద నిర్ణయం, అందుకే తొందరొద్దంటాను. మీ ఇంట్లో ఉంటే రాత్రి భయం తగ్గుతుంది, నిజమే. కానీ పగలు మీరు ఆఫీసులో, మనవడు కాలేజీలో. వాకింగ్ స్నేహితులు, గుడి, తెలిసిన డాక్టర్, తెలిసిన షాపు ఏవీ ఉండవు. నడక తగ్గితే షుగర్, మోకాళ్లు రెండూ మొండికేస్తాయి. మందులు మారే మొదటి రెండు వారాలకి మాత్రం పిలవండి, "మనవడికి లెక్కలు చెప్పండి" అని. లేదా ఆ రెండు వారాలు మీరే రాత్రిళ్లు అక్కడ పడుకోవచ్చు, హబ్సిగూడ నుంచి పొద్దున మెట్రో ఉంది. ఆ రెండు వారాల్లో ఏమవుతుందో చూసి అప్పుడు ఇల్లు మారే మాట మాట్లాడుకోండి.

తమ్ముడి మీద కోపం అర్థమైంది. అయితే జనవరిలో నాన్నని డాక్టర్‌కి చూపించింది ఆయన, ఆ ప్రేమని వాడుకోండి. 90 టెస్టుల ప్యాకేజీ వద్దని చెప్పండి. అందులో నాలుగో ఐదో అంకెలు కాస్త అటూ ఇటూ వస్తాయి, ఒక్కోదానికి ఒక్కో డాక్టర్, ఒక్కో మాత్ర, మళ్లీ డబ్బా నిండుతుంది. నాన్నగారికి కావలసినవి కొన్నే: మూడు నెలల షుగర్, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఏడాదికోసారి కంటి రెటీనా, పాదాల పరీక్ష. ఆ ప్యాకేజీ డబ్బుతో మంచి బీపీ మిషన్, జబ్బకి కట్టేది, మణికట్టుది కాదు, ఒకటి పంపమనండి. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకచోట దాచే పని ఆయనకే ఇవ్వండి. దూరంలో ఉన్నవాళ్లకి చెయ్యడానికి పని లేకపోతే సలహాలే వస్తాయి.

ఇంకొకటి. నాలుగు పేజీల ఉత్తరంలో అమ్మ ఐదుసార్లు వచ్చారు. నిమ్మకాయ నీళ్లు కలుపుతూ, ఊపిరి వింటూ, ఉప్పు మారుస్తూ. ఆవిడ వయసెంతో మీరు రాయలేదు. ఆవిడ బీపీ, షుగర్ చివరిసారి ఎప్పుడు చూశారో కూడా లేదు. ఆదివారం మిషన్ పట్టీ నాన్నగారి చేతి నుంచి విప్పాక ఆవిడ చేతికి కట్టండి. రిజిస్టర్లో ఆవిడకీ ఒక గడి గీయమని మాస్టారికి చెప్పండి.